మీ సౌండ్ కార్డు బాగానే ఉంది, చెకింగ్ ఛార్జీ వెనక్కి ఇస్తున్నాం

నమస్కారం అండీ. ఏలూరు రోడ్డులోని మా షాపులో గత ఏడాదిగా యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌లు, అంటే మైకును ల్యాప్‌టాప్‌కి కలిపే, మనం సౌండ్ కార్డులని పిలిచే పెట్టెలు, కొన్నవాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను.

"పాట మధ్యలో టప్పుమని తెగుతోంది" అంటూ మీలో కొందరు పెట్టెలు తిరిగి తెచ్చారు. మేం వాటిని కౌంటర్ మీదున్న డెస్క్‌టాప్‌కి తగిలించి, ఐదు నిమిషాలు విని, "బాగానే ఉందండీ" అని పంపేశాం. పట్టుబట్టినవాళ్ల దగ్గర మూడొందలు చెకింగ్ ఛార్జీ తీసుకుని సర్వీస్‌కి పంపాం. అక్కడా అదే మాట చెప్పారు. మీ ఇంట్లో మాత్రం సౌండ్ తెగుతూనే ఉంది. మీ ల్యాప్‌టాప్‌కి తగిలించి చూడకుండా పెట్టెను ఒక్కదాన్నే పరీక్షించి డబ్బు తీసుకోవడం మా తప్పు. ఆ మూడొందలు వెనక్కి ఇస్తున్నాం. బిల్లు పోయినా ఫర్వాలేదు, మా రిజిస్టర్‌లో పేర్లున్నాయి.

ఈ సంగతి నాకు అర్థమయ్యేలా చేసింది సత్యనారాయణపురంలో ఉండే ఒక సంగీతం టీచర్ గారు. తెల్లవారుజామున ఐదున్నరకు అమెరికాలో ఉన్న పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠం చెబుతారు. మూడోసారి పెట్టె తెచ్చినప్పుడు ఆవిడ అన్న మాట ఇది: "బాబూ, గమకం దగ్గర తెగుతోంది. పిల్లలు ఆ తెగిన గమకాన్నే నేర్చుకుంటున్నారు." అది విన్నాక నాకు షాపులో కూర్చోబుద్ధి కాలేదు. మర్నాడు వాళ్లింటికి వెళ్లాను.

విండోస్ ల్యాప్‌టాప్. లేటెన్సీమాన్ అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ల్యాప్‌టాప్‌లో ఒక్కో భాగాన్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్‌ని డ్రైవర్ అంటారు. ఏ డ్రైవర్ ప్రాసెసర్‌ని ఎంతసేపు పట్టి ఉంచుతోందో ఇది చూపిస్తుంది. దాన్ని నడిపి, ఆవిడను పాడమన్నాను. పావుగంట దాకా అంతా పచ్చగానే ఉంది. ఆ తర్వాత ఒక్కసారిగా ఎర్ర గీత లేచింది, సరిగ్గా అప్పుడే టప్పుమంది. కింద నెట్‌వర్క్ డ్రైవర్ పేరు కనిపించింది. వైఫై చిప్ చుట్టుపక్కల నెట్‌వర్క్‌ల కోసం వెతికినప్పుడల్లా ప్రాసెసర్‌ని ఆపుతోంది. రికార్డింగ్ చేసుకునేవాళ్లయితే వైఫై ఆపేస్తే సరిపోతుంది. ఆవిడ చెప్పేది ఆన్‌లైన్ పాఠం కదా, నెట్ లేకుండా కుదరదు. రౌటర్ నుంచి లాన్ కేబుల్ లాగి, వైఫై ఆఫ్ చేశాం. గంటసేపు ఒక్క తెగింపు కూడా లేదు.

ఇది ఎందుకు జరుగుతుందో పెళ్లి భోజనాల బంతిలో పెట్టి చెబుతాను. ల్యాప్‌టాప్ వంటశాల, పెట్టె విస్తరి ముందు కూర్చున్న మనిషి. ఆ మనిషి ఒకే వేగంతో తింటూ ఉంటాడు, ఆగడు. బఫర్ అంటే వడ్డించేవాడి చేతిలోని బకెట్. సౌండ్‌ని కంప్యూటర్ శాంపిళ్లనే చిన్న చిన్న ముక్కలుగా తీసుకుంటుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల దగ్గర బఫర్ 128 శాంపిళ్లకి పెడితే ఆ బకెట్‌లో ఉండేది 2.7 మిల్లీసెకన్ల సౌండ్. వడ్డించేవాణ్ని మధ్యలో వైఫై పిలిచి నాలుగు మిల్లీసెకన్లు ఆపిందంటే విస్తరి ఖాళీ అవుతుంది. ఆ ఖాళీయే మీకు వినిపించే టప్పు. బఫర్ 512కి పెంచితే బకెట్‌లో 10.7 మిల్లీసెకన్లు ఉంటాయి కాబట్టి ఆ నాలుగు తెలియకుండా గడిచిపోతాయి. అయితే బకెట్ పెద్దదయ్యే కొద్దీ మీ గొంతు మీ హెడ్‌ఫోన్‌లోకి ఆలస్యంగా వస్తుంది. పాడేటప్పుడు పెట్టె మీదున్న డైరెక్ట్ మానిటర్ స్విచ్ వేసుకోండి. అప్పుడు గొంతు ల్యాప్‌టాప్ దాకా వెళ్లకుండా నేరుగా చెవికి చేరుతుంది, బఫర్ ఎంతున్నా ఇబ్బంది ఉండదు. ఈ స్విచ్ సంగతి అమ్మేటప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు.

వారం తిరక్కుండానే టీచర్ గారి దగ్గర్నుంచి మళ్లీ ఫోన్. పొద్దున కరెంటు పోయింది, సౌండ్ తెగడం మొదలైంది. ఆ గదిలోని ప్లగ్‌కి ఇన్వర్టర్ లైను లేదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి రాగానే ప్రాసెసర్‌ని నెమ్మది చేసి పొదుపు మొదలుపెట్టింది. విండోస్‌లో పవర్ సెట్టింగులు ఛార్జర్ మీదున్నప్పటికి వేరు, బ్యాటరీ మీదున్నప్పటికి వేరు. నేను మొదటిది మాత్రమే మార్చి వచ్చాను. రెండోదాన్నీ బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కి మార్చాను. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అని ఒకటి ఉంటుంది, పొదుపు కోసం యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చుతుంది, దాన్ని రెండు చోట్లా డిసేబుల్ చేశాను. కరెంటు కోతలుండే ఊళ్లో ఇది అందరికీ అవసరమే. ఎండాకాలం ఇంకో చిక్కు ఉంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పరుపు మీద ల్యాప్‌టాప్ పెట్టి రికార్డ్ చేస్తే వేడికి ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గట్టి బల్ల మీద పెట్టి, కింద గాలి ఆడేలా చూడండి.

మీ దగ్గర జరిగేది ఏ రకమో తెలియాలంటే తెగినప్పుడు పెట్టె మీది లైటును చూడండి. లైటు వెలుగుతూనే టప్పుమంటే ఇప్పటిదాకా చెప్పిన కారణాల్లో ఏదో ఒకటి వెతకాలి. లైటు ఆరి మళ్లీ వెలిగితే కరెంటు చాలడం లేదని ముందు అనుమానించాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంప్‌లు. కండెన్సర్ రకం మైకు పనిచేయడానికి పెట్టె పంపే 48 వోల్టుల కరెంటు, అంటే ఫాంటమ్ పవర్ కూడా అందులోంచే రావాలి. డబ్బింగ్ చెప్పే ఒక కస్టమర్ ఆ ఒక్క పోర్టుకే చిన్న హబ్ పెట్టి పెట్టె, హార్డ్ డిస్క్, వెబ్‌క్యామ్ అన్నీ తగిలించారు. హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టగానే పెట్టె ఆరిపోయేది. పెట్టెను నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకి పెట్టాం, అంతటితో తీరింది. సన్నగా ఝుమ్మని ఎడతెగకుండా వస్తుంటే మాత్రం అది ఎర్తింగ్ సంగతి, ఈ లెక్కలోకి రాదు.

ఇక కేబుల్. సంక్రాంతికీ ఉగాదికీ మధ్య కొన్నవాళ్లకు పెట్టెతో వచ్చిన పొట్టి కేబుల్ కాకుండా మూడు మీటర్ల పొడవాటిది ఉచితంగా ఇచ్చాం. ఆ లాట్ నాసిరకం. "దీంతో పెన్ డ్రైవ్, ప్రింటర్ బాగానే పనిచేస్తున్నాయి కదా" అని నేనే వాదించాను. ఫైల్ కాపీ అయ్యేటప్పుడు ముక్క పోతే కంప్యూటర్ దాన్ని మళ్లీ అడిగి తెచ్చుకుంటుంది. యూఎస్‌బీలో సౌండ్‌కి ఆ అవకాశం లేదు, పోయింది పోయినట్టే. అందుకే పెన్ డ్రైవ్‌ని బాగా నడిపిన కేబులే పాటను తెంపుతుంది. ఆ నల్ల కేబుళ్లు వాడకండి. తీసుకొస్తే మార్చి ఇస్తాను.

ఇద్దరికి ర్యామ్ పెంచుకోమని చెప్పి అమ్మాను కూడా. ఈ తెగింపుకి అది మందు కాదు. డ్రైవర్ ప్రాసెసర్‌ని ఆపితే ర్యామ్ ఎంతున్నా ఆగుతుంది. ఆ ఇద్దరికీ ఫోన్ చేశాను. వద్దనుకుంటే వెనక్కి ఇచ్చి పూర్తి డబ్బు తీసుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్‌లో 2018 మోడల్ మ్యాక్‌బుక్ కొన్నవాళ్లు ముందు అప్‌డేట్ చేసుకోండి. ఆ మోడళ్లలో యూఎస్‌బీ ఆడియోకి సవరణ 2019లో మ్యాక్‌ఓఎస్ 10.14.4తో వచ్చింది. విండోస్ వాళ్లు పెట్టె తయారుచేసిన కంపెనీ ఇచ్చిన ఆసియో (ASIO) డ్రైవర్‌నే, అంటే సౌండ్ ఆలస్యం కాకుండా రికార్డింగ్ కోసం చేసిన డ్రైవర్‌నే వేసుకోండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ విండోస్ సౌండ్ సెట్టింగుల్లోనూ శాంపిల్ రేట్ దగ్గర 48,000 అని ఒకే అంకె పెట్టండి.

ఇకపై మా పద్ధతి ఇది. తెగుతోందని వస్తే పెట్టె ఒక్కటే తేవద్దు. ల్యాప్‌టాప్, దాని ఛార్జర్, మీరు వాడే కేబుల్, మైకు అన్నీ తీసుకురండి. మీ ముందే కనీసం అరగంట లేటెన్సీమాన్ నడుపుతాం, ఛార్జర్ తీసేసి మరో పదిహేను నిమిషాలు చూస్తాం. దీనికి ఛార్జీ లేదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కౌంటర్ ఖాళీగా ఉంటుంది, అప్పుడు వస్తే తీరిగ్గా కూర్చోవచ్చు. పెద్దవాళ్లు, కదల్లేనివాళ్లు ఫోన్ చేయండి, ఆదివారం పొద్దున నేనే వస్తాను.