మోకాలు చాపించిన మేడమ్ గారికి

ఇవాళ పరుగుకి అనుమతి వచ్చింది. 2 నిమిషాలు పరుగు, 2 నిమిషాలు నడక, అంతే. ఒళ్లు పులిసిపోయి ఉంది, చేతులు వణుకుతున్నాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మోకాలి లోపల తెగిన ఏసీఎల్ అనే లిగమెంటుకి ఆపరేషన్ చేసి ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం మీద ఒక్కటే ముక్క: ఫిజియోథెరపీ చేయించుకోవాలి. ఏ కదలిక, ఎన్నిసార్లు, ఎప్పుడు మానాలి, ఏమీ లేదు. పక్క బెడ్డుకి తోడుగా వచ్చిన పెద్దావిడ రిటైరైన ఫిజియోథెరపిస్టు. పేరు రాయొద్దన్నారు.

మోకాలు ఎంత వంగుతోందని అందరూ అడుగుతారు. ఆవిడ మాత్రం "పూర్తిగా చాపగలవా బాబూ?" అన్నారు. మోకాలి కింది దిండు తీసేసి, తువ్వాలు చుట్టచుట్టి మడమ కింద పెట్టారు. దిండు హాయిగానే ఉంటుంది, కానీ కాలు వంగినచోటే బిగుసుకుపోతుంది. కుంటు మొదలయ్యేది అక్కడే. మడమ ఎత్తులో ఉంటే మోకాలు తన బరువుకే కిందికి దిగుతుంది. 10 నిమిషాల చొప్పున రోజుకి ఐదారుసార్లు. తర్వాత తొడ బిగించమని, చిప్ప పైకి జరుగుతోందో లేదో వేలు పెట్టి చూశారు. అమ్మకంటే పెద్దావిడ, కాళ్ల దగ్గర స్టూలేసుకుని మడమ అరచేతిలో పట్టుకుంటే ఏడుపు ఆగలేదండీ. వారించబోతే "కాలు వదులుగా పెట్టు" అని కసిరారు.

అక్కణ్నుంచి అంతా ఫోన్లోనే, పైసా తీసుకోకుండా. తెగిన లిగమెంటు బదులు పెట్టే ముక్కని, అదే గ్రాఫ్ట్‌ని, తొడ వెనక కండరం నుంచే తీశారు కాబట్టి ఆ కండరానికి మొదటి 8 వారాలు బరువు పెట్టనివ్వలేదు. కొత్త గ్రాఫ్ట్ బలపడేముందు ఓసారి బలహీనపడుతుంది, నొప్పి తగ్గేదీ సరిగ్గా అప్పుడే. బాగైపోయిందనుకుని గెంతి తెంపుకునేవాళ్లు అందుకే ఉంటారు. మర్నాడు పొద్దున వాపు పెరిగితే ముందురోజు బరువు ఎక్కువైనట్టే. కాళ్లతో బరువు నెట్టే లెగ్ ప్రెస్ మెషీన్ మీద రెండు కాళ్లూ కలిపి వద్దు, మంచి కాలు పనంతా దొంగిలించేస్తుంది. ఆ మంచి కాలి బలం కూడా మొదట్లోనే కొలిపించి రాయించారు. నెలలు కూర్చుంటే అదీ సన్నబడుతుంది కదా, అప్పుడు దానితో పోల్చి 90 శాతం వచ్చిందని మురిస్తే మోసపోయినట్టే.

ఇంట్లోవాళ్లకి థాంక్స్ చెబితే తిడతారు. అమ్మా, అన్నయ్యా, వదినా, సరే.

ఒక్కటి మాత్రం మింగుడు పడట్లేదు. ఆరోగ్య సంజీవని లాంటి ప్రామాణిక ఆరోగ్య బీమా పాలసీలో డిశ్చార్జి తర్వాతి ఖర్చులకి గడువు 60 రోజులు. ఆటలోకి తిరిగి దిగడానికి కనీసం 9 నెలలు. మిగతా 7 నెలలు ఈ కాలు ఎవరిది? లోపల బిగించిన స్క్రూకి డబ్బిస్తారు, ఆ గడువు దాటాక దాని మీద నిలబడటం నేర్పేవాళ్లకి ఇవ్వరు. మా జిమ్ ట్రైనర్లలో చాలామంది కమీషన్ మీదే బతుకుతారు, ఈఎస్ఐ కార్డు కూడా ఉండదు.

అయ్యో, ఆటో అన్నని మర్చిపోయా. వెనక సీటంతా వదిలేసి కాలు అడ్డంగా చాపుకోనిచ్చాడు, స్పీడ్ బ్రేకర్ వస్తే ముందే కేకేసేవాడు. చంకకర్రల అడుగు రబ్బర్లు అరిగాయని తనే చూసి మార్చిన మెడికల్ షాపు తమ్ముడికి కూడా, తడి టైల్స్ మీద ఆ రబ్బర్లే దిక్కు. జిమ్ మూతబడకుండా ఫీజు కడుతూ వచ్చిన పొద్దుటి బ్యాచ్‌కి. ఇంకా ఎవరైనా మిగిలితే ఫోన్ చేసి తిట్టండి, కలుపుతాను.