మా పిల్లల పథకాలకు మా కూలి పోతోంది: మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మాది నల్గొండ జిల్లాలో మర్రిగూడ వైపు ఒక పల్లె. నాకు నలుగురు పిల్లలు. పెద్దది రెండో తరగతి, దాని వెనక పిల్లగాడు, వాడికి ఐదు దాటింది, వాడి వెనక కవలలు, ఇద్దరూ ఆడపిల్లలే, ఇంకా మూడేళ్ళు నిండలేదు. మా ఆయన హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోతాడు, శనివారం రాత్రి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. నేను ఊర్లోనే కైకిలి పోతా. వానాకాలం నాట్లు, కలుపు, ఆ తర్వాత దసరా నుంచి సంక్రాంతి దాటేదాకా పత్తి.

ప్రభుత్వం ఏమీ ఇవ్వడం లేదని రాస్తున్న లేఖ కాదిది. చాలా ఇస్తున్నారు, అబద్ధమెందుకు. కడుపులో ఇద్దరున్నారని తెలిసినప్పుడు ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో రోజూ పెట్టిన అన్నం, పప్పు, గుడ్డు, ఆ 200 మిల్లీలీటర్ల పాలే నన్ను నిలబెట్టాయి. ఇప్పుడు చిన్నోళ్ళకు నెలకు తలా రెండున్నర కిలోల బాలామృతం పిండి, తలా 16 గుడ్లు. బస్సెక్కితే జీరో టికెట్. రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం. నా బాధ ఒక్కటే. వీటిలో ఏది తీసుకోవాలన్నా తల్లే రావాలి, పిల్లల్ని వెంటేసుకుని రావాలి, అదీ పని నడిచే వేళకే రావాలి. ఆ పూట పోయిన కూలి ఏ శాఖ లెక్కలోనూ ఉండదు. ఒక్క బిడ్డ ఉన్న తల్లికి అది ఎప్పుడో ఒకసారి, సర్దుకుంటుంది. నలుగురున్న ఇంట్లో నెల నెలా ఏదో ఒకటి మెడకు చుట్టుకుంటూనే ఉంటుంది.

బాలామృతం సంగతే చూడండి. 2025 జులై 1 నుంచి ఇంటికి ఇచ్చే సరుకులకు ముఖం చూపించాలని కేంద్రం రూల్ పెట్టింది. అంగన్‌వాడీ టీచరమ్మ ఫోన్లో పోషణ్ ట్రాకర్ యాప్ తెరిచి నా ముఖం పట్టాలి, అది ఆధార్‌తో కలవాలి, అప్పుడే ప్యాకెట్ ఇచ్చినట్టు ఎక్కుతుంది. మొదట చేసే ఈకేవైసీకి, అంటే ఆధార్ సరిచూసే పనికి, ఓటీపీ కావాలి, అది ఆధార్‌కు లింకైన నంబర్‌కు పోతుంది, ఆ నంబర్ మా ఆయనది, ఆయనేమో నాలుగో అంతస్తు స్లాబ్ మీద ఇనుము కడుతుంటాడు. నేను ఫోన్ చేస్తే ఎత్తడు. ఎత్తి, చేతులు తుడుచుకుని, మెసేజ్ తెరిచి, నంబర్ చదివేలోపు టైం అయిపోతుంది. మళ్ళీ పంపాలి. మా ఊర్లో చాలా ఇళ్ళల్లో ఇంతే, మగవాళ్ళంతా పట్నంలోనో పుణెలోనో ఉంటారు, ఆడవాళ్ళ ఆధార్‌కు వాళ్ళ నంబర్లే ఉంటాయి. పాలమూరు వైపు మా చిన్నమ్మ వాళ్ళ ఊర్లో ఇంకా ఎక్కువ, అక్కడ వలస పోని ఇల్లు వెతుక్కోవాలి.

సరే, ఓటీపీ అయింది. తర్వాత ప్రతి నెలా ముఖం. అంగన్‌వాడీ గది లోపల వెలుతురు చాలదు, బయట వేపచెట్టు కిందికి రమ్మంటుంది టీచరమ్మ. ఫోన్ నా ముఖానికి ఎదురుగా పెట్టి "కళ్ళు ఆర్పు, ఆర్పు, జర ఆగు, కదలకు" అంటుంది. సంకలో ఉన్నది ఆ ఫోన్ కోసం చెయ్యి చాపుతుంది. కింద నిలబడ్డది కొంగు పట్టుకుని గుంజుతుంది, నా తల ఒక పక్కకు పోతుంది, ఫోన్లో ముఖం చుట్టూ ఉండే గుండ్రం ఎర్రగా మారుతుంది. మళ్ళీ మొదలు. పత్తి ఏరే రోజుల్లో నా ముఖం ఆధార్ ఫొటోలో ముఖంలా ఉండదు కూడా, ఆ ఫొటో పెళ్ళైన కొత్తలో దిగింది. ఒక బిడ్డది అయ్యాక రెండో బిడ్డకు ఇదంతా ఇంకోసారి. పొద్దుగాల తొమ్మిదింటికి తెరుస్తారు, మా మేస్త్రి ఆటో అంతకుముందే కదిలిపోతుంది. కాబట్టి ఆ రోజు పని లేనట్టే. పత్తికి కిలో లెక్కన ఇస్తారు మేడమ్, ఆలస్యంగా పోతే సగం కూలన్నా దొరకాలి కదా అంటారేమో, చేను మూడు కిలోమీటర్ల దూరం, ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని నడిచి పోలేను.

టీచరమ్మను తిట్టడానికి రాయడం లేదు. ఆమె మాకంటే ఎక్కువ టెన్షన్‌లో ఉంటుంది. వంట చూడాలి, బరువులు తీయాలి, పిల్లలకు పాటలు చెప్పాలి, ఎలక్షన్లొస్తే ఓటర్ల జాబితా చూసే బీఎల్వో పని, ఇన్ని చేస్తూ సిగ్నల్ లేని ఫోన్ పట్టుకుని చెట్టు చుట్టూ తిరగాలి. దొంగతనం ఆపడానికే ఈ ముఖం రూల్ అంటున్నారు. ఆపండి, మంచిదే, మా గుడ్లు మాకు రావాలనే మాకూ ఉంటుంది. కానీ పుట్టినప్పటి నుంచి నన్నూ నా పిల్లల్నీ చూస్తున్న మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, నేను నేనేనని ఫోన్ ఒప్పుకునేదాకా ఆమె ప్యాకెట్ చేతికివ్వకూడదనడం ఏం పద్ధతి?

"ఇంట్లో ముసలమ్మ ఉంది కదా, ఆమెకు అప్పజెప్పి పనికి పో" అని అందరూ చెప్తారు. మీ ఆఫీసర్లు కూడా అదే అనుకుంటారని నాకు అనుమానం, లేకపోతే మూడేళ్ళలోపు పిల్లల్ని పగలంతా ఎవరు చూస్తారన్న ప్రశ్నే ఎక్కడా ఎందుకు రాదు? మా అత్తమ్మది బోరు నీళ్ళు తాగి పెరిగిన తరం. మర్రిగూడ, చండూరు, మునుగోడు, ఈ పక్కంతా ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ అని లోకమంతా తెలుసు. ఆమె మోకాళ్ళు వంగిపోయి కింద కూర్చోలేదు, కూర్చుంటే ఎవరన్నా లేపాలి, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. అట్లాంటామె బోరింగ్ వైపు ఉరికే రెండేళ్ళ పిల్లను ఎట్లా పట్టుకుంటుంది? నా పిల్లలకు కృష్ణా నీళ్ళు నల్లాలో వస్తున్నాయి, వాళ్ళ పళ్ళు తెల్లగా ఉన్నాయి, ఆ మేలు మర్చిపోను. కానీ ఈ ఊర్లలో నానమ్మలు, అమ్మమ్మలు చాలామంది పిల్లల్ని ఎత్తుకునే స్థితిలో లేరు. వేరే జిల్లాల లెక్క మాకు వేయకండి.

అందుకే పత్తి చేనుకు చిన్నోళ్ళను తీసుకుపోతాం. చెట్టుకు చీరతో ఊయల కడతాం, పెద్దది బడి మానేసి కాపలా ఉంటుంది. ఆ చేనుకు మందు కొట్టి ఎన్నాళ్ళైందో రైతు చెప్తే తెలుస్తుంది, లేకపోతే తెలియదు. నా బిడ్డ బడి మానిన రోజులు బడి రిజిస్టర్‌లో గైర్హాజరు అని పడతాయి, ఎందుకని ఎవరూ రాసుకోరు.

మొన్న మహిళా సంఘం మీటింగులో ఒకామె చెప్పేదాకా నాకు తెలియలేదు, 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారట. పనికాడికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది వస్తే, కూలీల్లోనే ఒకామెను వాళ్ళను చూసేందుకు పెట్టాలని, ఆమెకు కూడా అందరితో సమానంగా కూలి కట్టియ్యాలని. ఇన్నేళ్ళు ఆ పనికి పోయాను, చెరువు పూడిక తీశాను, కాలువలు తవ్వాను, ఒక్కసారన్నా అట్లా ఒకామెను కూర్చోబెట్టింది చూడలేదు. పట్నంలో 50 మంది పనిచేసే చోట పిల్లల గది ఉండాలని 2017లో చట్టం మార్చారు. మాకు ఆఫీసు ఎక్కడ, మా ఆఫీసు ఊరంత చేను.

ఆధార్ గురించి కూడా రాయాలి, అది మీ శాఖది కాదంటారు గానీ తల్లికి శాఖలు తెలియవు. ఐదేళ్ళు దాటిన పిల్లగాడికి వేలిముద్రలు ఎక్కించాలి, ఎక్కకపోతే రేషన్ ఈకేవైసీ ఆగుతుంది. మా కవలల పేర్లు కార్డులో ఎక్కడానికే చాలా కాలం పట్టింది. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం మొదలుపెట్టారు, జులైలో తుంగతుర్తిలో కొత్త కార్డులు పంచారు, రెండూ మా ఉమ్మడి జిల్లాలోనే, టీవీలో చూసి సంబురపడ్డాం. పేర్లు ఎక్కనంత కాలం నెలకు 12 కిలోల బియ్యం మేం కొనుక్కోవాల్సిందే. ఇప్పుడు పిల్లగాడి వంతు. ఆధార్ సెంటర్‌కు పోవాలంటే టౌన్‌కు పోవాలి, వాడిని ఒక్కడినే తీసుకుపోలేను, నలుగురినీ వెంటేసుకోవాలి. నాకూ ఆడపిల్లలకూ జీరో టికెట్, వాడికి హాఫ్ టికెట్. (వాడు దాన్ని గొప్పగా జేబులో పెట్టుకుంటాడు, అక్కకు లేదు నాకే ఉందని.) సీటు దొరకదు, అది వేరే సంగతి. తీరా పోతే "ఇయ్యాల సర్వర్ డౌన్ ఉందమ్మా, రేపు రా" అంటాడు ఆ కుర్రాడు తల ఎత్తకుండా. రేపు రావడమంటే ఇంకో రోజు కూలి పోవడమని అతనికి ఎవరు చెప్పాలి.

టీకాలు బుధవారం, శనివారం వేస్తారు, ఏఎన్ఎం నర్సమ్మ ఊర్లోకే వస్తుంది, దానికి ఏ ఫిర్యాదూ లేదు. ఇద్దరికీ ఒకేసారి బూస్టర్ పడితే రాత్రంతా ఇద్దరికీ జ్వరం, తెల్లారి పనికి పోయే మాటే లేదు, అది ఎవరూ చేయగలిగింది కాదు.

ఈ లేఖ చదివే కొందరు వెంటనే అడిగే మాట నాకు తెలుసు. "ఇంతమందిని ఎవరు కనమన్నారు?" మూడో కాన్పులో ఇద్దరు వస్తారని స్కానింగ్ చేసేదాకా నాకూ తెలియదు. ఆ కాన్పులోనే ఆపరేషన్ కూడా చేయించుకున్నాను, నేనే, ఆయన కాదు, మగవాళ్ళది చిన్న ఆపరేషన్ అని డాక్టరమ్మ చెప్పినా మా దగ్గర ఒక్క మగాడూ ఒప్పుకోడు. సర్కారు దవాఖానాలో కాన్పుకు ఇచ్చే కేసీఆర్ కిట్ డబ్బులు ఆడపిల్లకు 13,000, మగపిల్లవాడికి 12,000 అన్నారు, కానీ రెండు కాన్పుల వరకే, కవలలకు లేదు. సరే, రూల్ రూలే. కానీ అటు పక్క రాష్ట్రంలో ముఖ్యమంత్రి గారే ఎక్కువమంది పిల్లల్ని కనండి అంటున్నారు, ఇటు మన దగ్గర ఇద్దరికంటే ఎక్కువుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడొద్దన్న నిబంధన 2025లో ఎత్తేశారు. అంటే నలుగురు పిల్లల తల్లి ఇప్పుడు సర్పంచ్‌గా పోటీ చేయొచ్చు. సంతోషమే. నామినేషన్ వేసే రోజు పిల్లల్ని ఎవరు చూస్తారో ఎవరూ అడగలేదు.

ఇక నేను అడిగేది. ముఖం పట్టడం ఆపలేమంటే, పట్టేటప్పుడు తల్లి పనికి పోయిన రోజు ఆయన ముఖమో అత్తమ్మ ముఖమో చెల్లేటట్టు ఇంటికి ఇద్దరు ముగ్గురి పేర్లు ముందే రాసుకోండి. ఫోన్ ఒప్పుకోకపోతే సరుకు ఆపకుండా, టీచరమ్మ సంతకంతో ఇచ్చి తర్వాత ఎక్కించే వీలు పెట్టండి. ఆధార్ మిషన్‌ను నెలకోసారి టీకాల రోజున అంగన్‌వాడీకి పంపించండి, ఏఎన్ఎం రాగలిగిన చోటికి ఆ మిషన్ కూడా రాగలదు. ఇవి పెద్ద ఖర్చు పనులు కావు, కలెక్టర్లకు ఒక మాట చెబితే సగం అయిపోయేవి.

ఖర్చయ్యేది ఒకటుంది, అసలు అడగాల్సింది అదే. మూడేళ్ళలోపు పిల్లల్ని కూడా చేర్చుకుని, పొద్దుగాల ఏడింటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా తెరిచి ఉండే చోటు మా ఊర్లకు కావాలి. అంగన్‌వాడీతో కలిపి పిల్లల సంరక్షణ కేంద్రాలు నడపడానికి కేంద్రం దగ్గర పాల్నా అనే పథకం ఉంది, దాన్ని ఇటు తెప్పించండి. రాష్ట్రంలోని 35,700 అంగన్‌వాడీల్లోనూ ఒకేసారి పెట్టమనను. పత్తి ఎక్కువగా ఉన్న మండలాల్లో, అక్టోబర్ నుంచి జనవరి దాకా, ఆ నాలుగు నెలలు ముందు పెట్టి చూడండి. టీచరమ్మ మీదే ఇదీ పడేయొద్దు, ఆమెకు ఉన్నది చాలు. నారాయణపేటలో మహిళా సంఘానికి పెట్రోల్ బంక్ ఇచ్చారు, ఆర్టీసీకి అద్దె బస్సులు నడిపే పని సంఘాలకు ఇచ్చారు. బంక్ నడిపే ఆడవాళ్ళు పిల్లల్ని చూసే కేంద్రం నడపలేరా? మా సంఘంలోనే ఇద్దరు ఉన్నారు, పిల్లలు పెద్దవాళ్ళైపోయారు, నడుము నొప్పితో పత్తికి వంగలేరు, పిల్లల్ని మాత్రం బాగా చూస్తారు. నెలకు ఇంత అని జీతం ఇస్తే రేపే మొదలుపెడతారు. తల్లుల దగ్గర కూడా రోజుకు కొంత తీసుకోండి, ఊరికే అడగడం లేదు, కూలి పోవడం కంటే పదో ఇరవయ్యో ఇవ్వడం మాకు లాభమే.

దసరాలోపు ఏదన్నా తేలితే మా ఊరి నుంచే మొదలుపెట్టమని అడుగుతున్నాను, కమ్యూనిటీ హాలు ఖాళీగానే ఉంది, తాళం పంచాయతీ సెక్రటరీ దగ్గర ఉంది. మీ ఆఫీసు నుంచి ఎవరన్నా మాట్లాడాలనుకుంటే ఆధార్‌లో ఉన్న నంబర్‌కు మాత్రం చేయకండి. అది స్లాబ్ మీద మోగుతుంది.

ఇట్లు,
నలుగురు పిల్లల తల్లి, నల్గొండ జిల్లా