దయ మీద కాదు, చట్టం మీద నిలవాలి

సంపాదకులకు నమస్కారం.

పసితనంలో వచ్చిన పోలియో వల్ల నేను కాలికి క్యాలిపర్ కట్టుకుని నడుస్తాను. గాజువాకలోని ఒక ప్రైవేటు సంస్థలో 14 ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. రెండేళ్ల కిందట మా విభాగాన్ని మూడో అంతస్తుకు మార్చారు. లిఫ్టు లేదు. 54 మెట్లు. మరుగుదొడ్డి కింద ఉండటంతో, మళ్లీ దిగాల్సి వస్తుందని ఎండాకాలంలో కూడా నీళ్లు తాగడం తగ్గించుకున్నాను. నా బల్లను కింది అంతస్తులోనే ఉంచమని వేడుకుంటే, ‘మీకిస్తే అందరూ అడుగుతారు’ అన్నారు. ఆరు నెలల తర్వాత కొత్తగా వచ్చిన మేనేజరు గోదాము పక్క గదిలో బల్ల వేయించి, కంప్యూటరుకు తీగ లాగించారు. పూటలో అయిపోయిన పని అది! ఆయన మేలు మరువను. కానీ ఆయనకు బదిలీ అయితే నా బల్ల ఎక్కడుంటుందో తెలియదు.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అంతకుముందు 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తిస్తే, ఇది 21 రకాలను గుర్తించింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ సంగతి చాలామందికి తెలుసు. అయితే ప్రైవేటు సంస్థలు సహా అన్నీ సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని 21వ సెక్షన్ చెబుతోంది. 20 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్నచోట వికలాంగులకు కల్పించే సౌకర్యాలు, వారి బాగోగులు చూసే అధికారి వివరాలు అందులో ఉండాలి. మా కార్యాలయంలో అలాంటి కాగితం నేనింతవరకు చూడలేదు. మర్రిపాలెం, మధురవాడల్లో పనిచేసే నా మిత్రులూ చూడలేదు.

ఆ మిత్రుల్లో ఒకరికి చూపు బాగా తక్కువ. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, తెలుగూ చదువుతుంది. దాన్ని కంప్యూటరులో వేసుకోవడానికి అనుమతి కోసం ఆయన ఇంకా తిరుగుతూనే ఉన్నారు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన గొంతు వణికింది.

కార్మిక శాఖ అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు హాజరు పట్టీ, జీతాల పట్టీలతోపాటు ఈ విధాన పత్రాన్నీ చూపమని అడగాలి. గాజువాక, దువ్వాడ, రుషికొండ ప్రాంతాల్లో ఏయే సంస్థలు దాన్ని ప్రకటించాయో జిల్లా కలెక్టర్ గారు జాబితా తెప్పించి, అందరికీ కనిపించేలా పెట్టించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం