పన్ను బాగానే ఉందట, నొప్పి మాత్రం పోలేదు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నా పై దవడలో ఎడమ వైపు ఒక పన్ను ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీ నొప్పెడుతోంది. పన్ను ఉన్నప్పుడు ఎలా సలిపేదో, పీకేశాక కూడా అలాగే సలుపుతోంది. పీకడానికి ముందు అదే పంటికి రూట్ కెనాల్ చేశారు, తర్వాత దాన్ని విప్పి మళ్ళీ చేశారు, క్యాప్ వేశారు, ఆ క్యాప్ తీశారు. ఎక్స్‌రే తీసిన ప్రతిసారీ ఒకటే మాట: "ఏమీ లేదండీ, పన్ను బాగానే ఉంది." బాగానే ఉన్న పంటికి ఇన్ని ఎందుకు చేయాల్సి వచ్చిందని అడగడానికే ఈ ఉత్తరం.

ఫలానా డాక్టర్ మీద చర్య తీసుకోమని రాయడం లేదు. నన్ను చూసినవాళ్ళలో చాలామంది మంచివాళ్ళే. నొప్పితో ఎదురుగా కూర్చున్న మనిషిని ఉత్త చేతులతో పంపించడానికి మనసొప్పక ఏదో ఒకటి చేశారు. నా గొడవంతా ఆ 'ఏదో ఒకటి' గురించే. కారణం దొరకనప్పుడు పంటి జోలికి పోకుండా ఆగడం కూడా వైద్యమే. అలా ఆగాలనుకున్న డాక్టరుకి మన ఆస్పత్రుల్లో ఒక పద్ధతి లేదు, దానికి ఫీజు లేదు, పేషెంట్‌ని ఫలానా చోటికి వెళ్ళమని చెప్పడానికి ఆ చోటే లేదు.

ముందు ఈ నొప్పి ఎలాంటిదో చెప్పాలి. పిప్పి పన్ను నొప్పి నాకు తెలుసు. చల్లనీళ్ళు తగిలితే ప్రాణం పోతుంది, రాత్రి కంటి మీద కునుకు ఉండదు, బుగ్గ వాస్తుంది, చూసినవాళ్ళు అయ్యో అంటారు. ఇది వేరు. పొద్దున మెలకువ వచ్చిన కాసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత సన్నగా మొదలై, లోపల ఎవరో పంటిని నెమ్మదిగా మెలి తిప్పుతున్నట్టు రోజంతా సాగుతుంది. మరీ గట్టిగా అరిచేంత ఉండదు, మర్చిపోయి పని చేసుకునేంత తక్కువా కాదు. రాత్రి నిద్ర మాత్రం పడుతుంది. అదే నాకు ఎదురు తిరిగింది. "నిద్ర బాగానే పడుతోందిగా, మరి అంత నొప్పేంటి?" అని ఇంట్లోనూ అడిగారు, క్లినిక్‌లోనూ అడిగారు. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి నొప్పి నిద్రను చెడగొట్టదు. అది జబ్బు లక్షణమే తప్ప నొప్పి అబద్ధమనడానికి సాక్ష్యం కాదు.

ఒక పరీక్ష గురించి మీకు కాస్త వివరంగా చెప్పాలి. చిన్న అద్దం పిడితో పళ్ళ మీద ఒక్కొక్కటిగా తడతారు. "ఇక్కడా? ఇక్కడా?" అని అడుగుతారు. తర్వాత బాగా చల్లబరిచిన దూది ముక్కను పంటికి ఆనిస్తారు. ఆరోగ్యంగా ఉన్న పన్ను జివ్వుమని, దూది తీయగానే సర్దుకుంటుంది. పక్క పళ్ళన్నీ అలాగే సర్దుకున్నాయి. చివరికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. బుగ్గ, చిగురు మొద్దుబారాయి. చిగురు మీద సూదిమొన ఆనించినా తెలియలేదు. "ఇప్పుడు నొప్పి పోయింది కదా?" అన్నారు డాక్టర్ గారు. పోలేదు. మొద్దుబారిన చిగురు వెనకాల ఎక్కడో అలాగే ఉంది. ఆ మాట చెప్పగానే ఆయన, పక్కనున్న అసిస్టెంట్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నిజానికి ఆ రోజు మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చే సమాచారం ఆ జవాబే. నొప్పి పంటిలోనే పుడుతుంటే, ఆ పంటికి సరిగ్గా మత్తిచ్చినప్పుడు ఆగిపోవాలి. ఆగలేదంటే పంటిని పక్కన పెట్టి వేరే చోట వెతకాలి. నా కేస్ షీట్‌లో ఆ సంగతి ఎక్కలేదు. "పేషెంట్ చాలా టెన్షన్‌గా ఉన్నారు" అని మాత్రం ఎక్కింది. ఉండరా మరి!

మంత్రి గారూ, ఈ నొప్పికి పేరు లేకపోలేదు. నోటికీ ముఖానికీ వచ్చే నొప్పులన్నిటికీ కలిపి 2020లో ఒక అంతర్జాతీయ వర్గీకరణ వచ్చింది. పంట్లోనో, పన్ను ఉండే చోటో వచ్చి, కారణం దొరకని నొప్పికి అందులో విడిగా ఒక విభాగం ఉంది. రోజూ 2 గంటలకు మించి, 3 నెలలకు పైగా ఉండాలి, పరీక్షల్లో ఏ జబ్బూ బయటపడకూడదు. అంతకుముందు దీన్ని ఎటిపికల్ ఒడొంటాల్జియా అనేవారు, ఫాంటమ్ టూత్ పెయిన్ అని కూడా అనేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ 11వ కూర్పు 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. దీర్ఘకాలిక నొప్పిని అందులో దానికదే ఒక జబ్బుగా లెక్కించారు, ముఖం నొప్పులకు కూడా అందులో చోటిచ్చారు. నేను తిరిగిన చోట్ల రిజిస్టర్లలో నా నొప్పి ఇప్పటికీ 'ఇతరములు' కిందే ఉంది. 'ఇతరములు'లో ఎంతమంది ఉన్నారో మీ శాఖ మాత్రం ఎలా లెక్కపెడుతుంది?

ఇదేమీ కొత్తగా పుట్టిన జబ్బు కూడా కాదు. లండన్‌లో పనిచేసిన జాన్ హంటర్ అనే సర్జన్ 1778లోనే దీని గురించి రాశారు. పళ్ళతో ఏ సంబంధమూ లేకపోయినా అనుమానం మాత్రం పళ్ళ మీదికే పోయే దవడ నొప్పి ఒకటుందని, దాని కోసం పన్ను వెంట పన్ను పీకినా రోగికి ఊరట దొరకదని. అప్పటికి ఎక్స్‌రే లేదు, మత్తు ఇంజెక్షన్ లేదు. ఇప్పుడవన్నీ ఉన్నాయి, అయినా పళ్ళు అలాగే పోతున్నాయి.

పంటి నొప్పి పంటిది కాకపోవడం ఎలా సాధ్యమని మీకు అనిపించవచ్చు. నాకూ చాలాకాలం అర్థం కాలేదు. పళ్ళు, చిగుళ్ళు, దవడ కండరాలు, సైనస్, బుగ్గ చర్మం... వీటన్నిటి కబురూ మెదడుకు చేరవేసేది ట్రైజెమినల్ అనే నరమే. ఆ దారులన్నీ మెదడు కింది భాగంలో ఒక దగ్గర కలుస్తాయి. అక్కడ ఒకరి కబురు ఇంకొకరి పేరు మీద నమోదైపోతుంది. నమిలే కండరం బిగుసుకుపోతే దంతాలు నొప్పెడుతున్నట్టు అనిపిస్తుంది. పై పళ్ళ వేళ్ళకు ఆనుకునే సైనస్ ఉంటుంది కాబట్టి అది వాస్తే పై వరుసలో రెండు మూడు పళ్ళు ఒకేసారి లాగుతాయి. గుండెకు రక్తం చాలనప్పుడు కింది దవడలో నొప్పి రావచ్చు. మెట్లెక్కితే వచ్చి, కూర్చుంటే తగ్గే 'పంటి నొప్పి'తో ఎవరైనా వస్తే పంపాల్సింది గుండె డాక్టర్ దగ్గరికి, అదీ వెంటనే.

ట్రైజెమినల్ న్యూరాల్జియా సంగతి మరీ ఘోరం. ముఖం కడుక్కున్నా, పళ్ళు తోముకున్నా కరెంట్ షాక్ కొట్టినట్టు వస్తుంది. క్షణాల్లో పోతుంది, మహా అయితే 2 నిమిషాలు. మళ్ళీ వస్తుంది. దానికి కార్బమాజెపిన్ అనే పాత మందు చాలామందిలో బాగా పనిచేస్తుంది. ఆ మందు రాసే డాక్టర్ దగ్గరికి చేరేలోపు పళ్ళు పీకించుకున్నవాళ్ళు ఉన్నారు. ఇంకోపక్క, నొప్పితో పాటు ముఖం తిమ్మిరెక్కినా, నోరు సరిగ్గా తెరుచుకోకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా గడ్డల కోసం స్కానింగ్ చేయాలి. "ఏమీ లేదు" అనే మాట ఇవన్నీ చూశాకే అనాలి. పంటి ఎక్స్‌రే ఒక్కటి చూసి అనే మాట కాదది.

ఇవేవీ కావని తేలాక మిగిలేది నాలాంటివాళ్ళం. రూట్ కెనాల్ అంటేనే పంటి లోపలి నరాన్ని తెంపి తీసేయడం. ఎక్కువమందిలో ఆ గాయం మానిపోతుంది, నొప్పి పోతుంది, అంతటితో సరి. కొద్దిమందిలో గాయం మానినా నొప్పిని మోసే దారులు మాత్రం చల్లబడవు. చేతులో కాళ్ళో తీసేసినవాళ్ళకు లేని చోట నొప్పి వస్తుందంటే ఇప్పుడు అందరూ నమ్ముతారు. లేని పన్ను నొప్పెడుతోందంటే నవ్వుతారు. రూట్ కెనాల్ అయిన 6 నెలల తర్వాత కూడా ఏదో ఒక నొప్పి మిగిలేవాళ్ళు 100కి సుమారు 5 మంది ఉంటారని 2010లో పాత అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష తేల్చింది. అందరిదీ నాలాంటి నొప్పే కాకపోవచ్చు. మిగతా 95 మందికి ఆ వైద్యం ఎంత మేలు చేస్తుందో నాకు తెలుసు, దాని మీద భయం పుట్టించాలని ఇది చెప్పడం లేదు. కానీ రోజూ ప్రతి ఊళ్ళో జరిగే చికిత్సలో ఆ కొద్దిమందే కలిపితే పెద్ద సంఖ్య అవుతారు.

ఇక డబ్బు విషయం. పన్ను పీకితే బిల్లు ఉంటుంది. రూట్ కెనాల్ చేస్తే ఉంటుంది, క్యాప్ వేస్తే ఉంటుంది. బీమా పథకాల్లోనూ పనికి డబ్బు కట్టే పద్ధతే. గంటసేపు కూర్చోబెట్టి మొదటి నుంచీ అడిగి తెలుసుకుని, "ఇది పంటి నుంచి రావడం లేదు, నేను దీన్ని ముట్టుకోను" అని చెప్పే డాక్టరుకి దక్కేది మామూలు కన్సల్టేషన్ ఫీజు, పైగా పేషెంట్ కోపం. కోపం ఎందుకంటే పీకమని బతిమాలేది నాలాంటి పేషెంట్లే. రోజూ సలిపే నొప్పితో ఉన్న మనిషి దవడ తీసేయమన్నా తీసేయమంటాడు. ఆ మనిషి కోరికనే అంగీకారంగా రాసుకుంటే ఎలా?

అందుకని నేను అడిగేది ఇది. పరీక్షల్లోనూ ఎక్స్‌రేలోనూ జబ్బు కనబడని పంటికి రూట్ కెనాల్ చేయాలన్నా, పీకాలన్నా ముందు ఇంకో డాక్టర్ చూడాలి. ఎందుకు చేస్తున్నారో, నొప్పి పోకపోయే అవకాశం ఎంతో కాగితం మీద రాసి పేషెంట్‌కి ఇవ్వాలి. వాపు, జ్వరం, చీము ఉన్నవాళ్ళకు ఈ నిబంధన వర్తించకూడదు, వాళ్ళకు ఆలస్యం ప్రమాదం. దీనివల్ల నిజంగా పంటి జబ్బు ఉన్నవాళ్ళు నష్టపోతారని దంతవైద్యులు అభ్యంతరం చెప్పవచ్చు. ఉదాహరణకు పంట్లో సన్నని పగులు చాలాసార్లు ఎక్స్‌రేలో కనబడదు, కొరికి వదిలేటప్పుడు చురుక్కుమనడమే దాని గుర్తు. న్యాయమైన అభ్యంతరమే. అయితే ఆ పగులును పట్టుకోవడానికి కూడా రెండో చూపు పనికొస్తుంది కదా.

రెండోది, పంటిని ముట్టుకోనన్న డాక్టర్ పేషెంట్‌ని పంపడానికి ఒక చోటు కావాలి. పెద్దాస్పత్రుల్లో దంతవైద్యులు, నరాల డాక్టర్, నొప్పి నిపుణులు కలిసి కూర్చునే క్లినిక్ వారానికి ఒక్క పూట నడిచినా చాలు. అమెరికాలో నోటి, ముఖ నొప్పుల వైద్యాన్ని 2020లో దంతవైద్యంలో ప్రత్యేక విభాగంగా గుర్తించారు. ఇక్కడ అంతదూరం వెళ్ళడానికి సమయం పట్టవచ్చు, ఉన్న డాక్టర్లను ఒక గదిలో కూర్చోబెట్టడానికి అంత పట్టదు. "ముట్టుకోను, అక్కడికి వెళ్ళండి" అని రాసిచ్చినందుకు డాక్టరుకి సరైన ఫీజు కూడా ఇవ్వండి.

మందుల గురించి ఒక మాట. ఇలాంటి నొప్పికి తరచుగా వాడే అమిట్రిప్టిలిన్ నిజానికి డిప్రెషన్ మందుగా వచ్చింది. నొప్పికి దాన్ని చాలా తక్కువ మోతాదులో ఇస్తారు. అందరికీ పనిచేయదు, నోరు ఎండిపోతుంది, మగతగా ఉంటుంది. నాకు నొప్పి పూర్తిగా పోలేదు కానీ పని చేసుకునేంత తగ్గింది. అయితే దాన్ని రాసినప్పుడు ఎందుకో ఎవరూ చెప్పలేదు. మందుల షాపులో అట్ట వెనక చదివి, "అంటే నాకు పిచ్చి అనుకున్నారన్నమాట" అని ఆ పూటంతా కుమిలిపోయాను. నొప్పి దారులను శాంతపరచడానికి ఇస్తున్నామని ఒక్క వాక్యం చెప్పి ఉంటే సరిపోయేది. ఈ మందూ, కార్బమాజెపిన్ కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే. కొత్తగా కొనాల్సిన యంత్రమేదీ లేదు. వీటిని ఎప్పుడు, ఎలా వాడాలో, రక్త పరీక్షలు ఎందుకు చేయించాలో దంతవైద్యులకు నేర్పించాలి, అంతే.

నేను అడిగినవాటిలో మొదటిదానికి, అంటే ఇంకో డాక్టర్ చూడాలన్న నిబంధనకు, బడ్జెట్ కూడా అక్కర్లేదు, మీ శాఖ నుంచి ఒక సర్క్యులర్ చాలు. దాని ముసాయిదా తయారుచేసే కమిటీలో దంతవైద్యులతో పాటు నరాల డాక్టర్‌నీ, ఈ నొప్పితో బతుకుతున్న పేషెంట్లలో కనీసం ఒకరినీ కూర్చోబెట్టమని కోరుతున్నాను. ఆ పని మొదలుపెడతారో లేదో, పెడితే ఎప్పటికో, మీ శాఖ నుంచి రాతపూర్వకంగా జవాబు ఇప్పించగలరు.

ఇట్లు,
దీర్ఘకాలిక పంటి నొప్పితో ఉన్న ఒక పేషెంట్