చిన్నాకి, నవంబర్ 19 రాత్రి

చిరంజీవి చిన్నాకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. పొద్దున నీకు పంపిన "ఈ రోజు ప్రత్యేకత" చూసే ఉంటావు, టిక్కులు రెండూ నీలంగా మారాయి. ఇదివరకైతే పది నిమిషాల్లో "నాన్నా, ఆ సంవత్సరం తప్పు" అని ఏదో ఒకటి పట్టుకునేవాడివి. మొంథా తుపాను రాత్రి నువ్వు చేసిన ఫోన్ సగంలో కట్ అయింది. ఆ తర్వాత ఇరవై రెండు రోజులుగా మాట లేదు. మొన్న 14న నెహ్రూ గారు పుట్టిన 1889ని కావాలనే 1898 అని రాసి పంపాను. దానికీ నువ్వు పలకలేదు.

సరే, అది వదిలేద్దాం. నవంబర్ 19కి ఉన్నన్ని సంగతులు ఫోన్‌లో పట్టవు, అందుకే కాగితం తీశాను. బడిలో ఉన్నప్పుడు కూడా ఈ రోజు నల్లబల్ల చాలేది కాదు. ఝాన్సీ లక్ష్మీబాయి పుట్టింది 1828లో ఇదే రోజున, కాశీలో. చిన్నప్పటి పేరు మణికర్ణిక. ఇందిరాగాంధీ పుట్టింది 1917లో. ఆమె పేరు మీదే జాతీయ సమైక్యతా దినం. ప్రపంచ మరుగుదొడ్ల దినం కూడా ఇవాళే, ఐక్యరాజ్యసమితి 2013లో గుర్తించింది. పిల్లలు నవ్వేవాళ్ళు. నేను నవ్వనిచ్చేవాణ్ణి కాదు. మన బడిలో ఆడపిల్లలకి మరుగుదొడ్లు కట్టించాకే కదా, ఎనిమిదో తరగతిలో మానేసేవాళ్ళు తగ్గారు. ఆ కట్టడానికి నువ్వు కూడా ఇటుకలు మోశావు.

1863లో ఇదే రోజు గెటిస్‌బర్గ్‌లో లింకన్ మాట్లాడాడు. ఆయనకంటే ముందు ఎవరెట్ అనే పెద్దమనిషి రెండు గంటలు ఉపన్యసించాడు. లింకన్ మాట్లాడింది మూడు నిమిషాలు కూడా ఉండదు, పది వాక్యాలు. జనానికి గుర్తున్నవి ఆ పది వాక్యాలే. నువ్వు నాకు రెండు రాసినా చాలు.

నువ్వు తింటున్నావా? చిన్నత్తయ్య తోటికోడలి కొడుకు బెంగళూరులో మీ ఆఫీసు దగ్గర్లోనే ఉంటాడట. మీ కంపెనీలో నెలాఖరున చాలామందిని తీసేశారనీ, నువ్వు ఆ దారిలో కనిపించడం లేదనీ చెప్పాడట. చిన్నత్తయ్య ఆ మాట మీ అమ్మకి చెప్పింది. అమ్మ నాకు రెండు రోజుల దాకా చెప్పలేదు. నేను నమ్మలేదు. నమ్మలేదు కాబట్టే అడగడం లేదు.

నీకు ఇష్టమైన సంగతి రాస్తాను. 1969లో ఇదే రోజున అపోలో 12 చంద్రుడి మీద దిగింది. దిగిన చోటి పేరు తుపానుల సముద్రం. కాన్రాడ్, బీన్ ఇద్దరూ కిందికి దిగి నడిచారు. మూడో ఆయన గోర్డన్ పైనే ఒంటరిగా చంద్రుడి చుట్టూ తిరిగాడు. ప్రతి చుట్టులోనూ చంద్రుడి వెనక్కి వెళ్ళినప్పుడు కొంతసేపు ఆయనతో మాట అందేది కాదు. భూమ్మీద ఉన్నవాళ్ళకి మాత్రం ఏ నిమిషానికి మళ్ళీ ఇవతలికి వస్తాడో లెక్క తెలుసు. ఆ నిమిషానికి పలికేవాడు. నీ లెక్క నాకు తెలియడం లేదురా.

ఆ రోజే మారకానా మైదానంలో పెలే వెయ్యో గోల్ కొట్టాడు. ఇది నువ్వు నాకు చెప్పిందే.

1977లో నవంబర్ 19 శనివారం. ఆ రాత్రి ఈజిప్టు అధ్యక్షుడు సాదాత్ ఇజ్రాయెల్‌లో విమానం దిగాడు. అప్పటికి ఆ రెండు దేశాల మధ్య నాలుగు యుద్ధాలు అయ్యాయి. అయినా వెళ్ళి మాట్లాడాడు. ప్రపంచమంతా అటే చూస్తోంది. మన దివిసీమ మీదికి సముద్రం వచ్చింది ఆ సాయంత్రమే.

నీకు ఉప్పెన గురించి చాలాసార్లు చెప్పాను కానీ పెదనాన్న సంగతి పూర్తిగా చెప్పలేదు. ఆయన ఉండగా చెప్పకూడదనుకున్నాం. ఇప్పుడాయన లేరు.

నాకప్పుడు పన్నెండేళ్ళు, పెదనాన్నకి పదిహేడు. చేలన్నీ వెన్ను మీద ఉన్నాయి. శుక్రవారం నాడు నానమ్మ ఆయన్ని నాగాయలంక అవతల ఉన్న మేనత్త ఇంటికి పంపింది, చిట్టిని పండగ నెలలో నాలుగు రోజులు మనింటికి తీసుకురమ్మని. చిట్టికి ఎనిమిదేళ్ళు. శనివారం పొద్దుటి నుంచే ఈదురుగాలి. మధ్యాహ్నానికి మన పశువుల పాక లేచిపోయింది. తాతయ్య మమ్మల్ని పెంకుటింటి అటక ఎక్కించాడు. చీకట్లో దూలాలు కిర్రుమంటుంటే నానమ్మ నా చెయ్యి పట్టుకుని, తెల్లారేదాకా పెదనాన్న పేరే పలికింది. మన ఊరికి నీళ్ళు మోకాలు దాకా వచ్చి ఆగాయి. అటు సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు తాటిచెట్టంత అల వచ్చిందని ఆదివారం మధ్యాహ్నానికి తెలిసింది. చచ్చిపోయినవాళ్ళు పది వేలకు పైనే అని లెక్క తర్వాత తేలింది. అప్పుడు మాకు లెక్కలేం తెలియవు, ఒక్క మనిషి రాలేదని తప్ప.

సోమవారం తాతయ్య కర్ర పట్టుకుని బయల్దేరాడు. మంగళవారం రాత్రి తిరిగొచ్చాడు. ఏం చూశాడో చెప్పలేదు. నూతి గట్టు దగ్గర కాళ్ళు కడుక్కోవడం మొదలుపెట్టి, ఎంతకీ ఆపలేదు. నేనే వెళ్ళి చెంబు తీసుకున్నాను. నానమ్మ అరుగు మీద నుంచి లేవలేదు. రోడ్డు మీద ఎవరు కనిపించినా లేచి నిలబడి, కాదని తెలిశాక కూర్చునేది.

గురువారం పొద్దున పెదనాన్న వచ్చాడు. ఒంటి మీద ఎవరిదో చొక్కా. చేతులూ, గుండెలూ తుమ్మముళ్ళు గీరుకుని పచ్చి పుండ్లు. ఒక్కడే వచ్చాడు. మేనత్త, మామయ్య అల రాగానే పోయారు. చిట్టిని మాత్రం ఆయన పట్టుకున్నాడు. తుమ్మచెట్టులో ఇరుక్కుని, ఒక చెయ్యి కొమ్మకి, ఒక చెయ్యి చిట్టికి. రెండో అలకి చెయ్యి జారింది.

ఇక్కడిదాకా నీకూ తెలుసు. తెలియనిది చెబుతాను. ఆయన ఆదివారానికే నాగాయలంక చేరాడు. అక్కడే ఉండి శవాలు మోశాడు. సోమవారం మన వీధివాళ్ళే ఇద్దరు ఎదురైతే మొహం తిప్పుకున్నాడట. "బతికున్నానని అమ్మకి చెప్పండి" అన్న ఒక్క మాట చాలు కదా. అనలేకపోయాడు. చిట్టి ఏదిరా అని అడిగితే ఏ మొహం పెట్టుకుని చెప్పాలని. ఇది ఆయన నాకు చెప్పింది ఎప్పుడో తెలుసా, ముప్పై ఏళ్ళ తర్వాత, అక్క ఓణీల ఫంక్షన్ నాటి రాత్రి.

నానమ్మ ఆయన్ని తిట్టలేదు, కొట్టలేదు. అరుగు మీద కూర్చోబెట్టి రెండు చేతుల వేళ్ళూ ఒక్కొక్కటే ఒత్తి చూసింది, పదీ ఉన్నాయా అన్నట్టు. తర్వాత గంజి పోసింది. ఆయన తాగడం అయ్యాకే లోపలికి వెళ్ళి చిట్టి కోసం ఏడ్చింది. ఆ నాలుగు రోజుల్లో ఆమె జుట్టు ముందు భాగం తెల్లబడిందని ఊళ్ళో అనేవారు. నాకూ అలాగే అనిపించింది.

నీ చేతిలోంచి ఏం జారిందో నాకు తెలియదు చిన్నా. ఉద్యోగమో, ఇంకేదన్నానో. నేను అడగను. అడగనని రాస్తూనే అడుగుతున్నట్టుంది, తెలుసు.

ఇంకో సంగతి. 2023 ప్రపంచకప్ ఫైనల్ కూడా ఇదే రోజు. పది మ్యాచ్‌లు వరసగా గెలిచి ఆ ఒక్కటీ ఓడాం. ఆస్ట్రేలియా ఆటగాడు హెడ్ 137 కొట్టాడు. నువ్వు అన్నం తినకుండా దుప్పటి కప్పుకుని పడుకున్నావు. మీ అమ్మ రాత్రి పదకొండుకి పెరుగన్నం కలిపి తెచ్చి నీ తల దగ్గర కూర్చుంది, తిన్నావు. అప్పుడు మనింట్లో ఉన్నావు కాబట్టి తిన్నావు. అక్కడ పెరుగన్నం ఎవరు కలుపుతారు? మూడు నెలల నోటీసు ఇవ్వకుండా తీసేస్తే రావలసిన డబ్బు ఏమిటో కాగితాలు చూసుకో. పీఎఫ్ జోలికి తొందరపడి పోవద్దు. యాప్‌లలో అప్పు మాత్రం చేయొద్దు, ఎంత చిన్నదైనా. అద్దె కష్టమైతే గది ఖాళీ చేసి వచ్చెయ్, నీ మంచం అలాగే ఉంది, దాని మీద కందులు ఆరబోస్తున్నాం అంతే. మళ్ళీ పాఠం మొదలుపెట్టాను. ఇవాళ పురుషుల దినం కూడానట, 1999లో ట్రినిడాడ్‌లో మొదలైంది. మగవాళ్ళు కష్టం నోటితో చెప్పుకోవాలని అంటున్నారు. పెదనాన్నకి ఆ రోజుల్లో అలా చెప్పినవాళ్ళు లేరు.

సాయంత్రం ఉప్పెన స్తూపం దగ్గర పూలు పెట్టి వచ్చాను. అమ్మ చిట్టి పేరున తులసికోట దగ్గర దీపం పెట్టింది. రేపటితో కార్తీకం అయిపోతుంది. ఎల్లుండి పోలి పాడ్యమికి అరటి దొప్పలు కోసి ఉంచాను. కాలవలో నీ దీపం నేనే వదులుతాను, ఏటా లాగే.

బెంగళూరులో చలి మొదలై ఉంటుంది. బండి మీద వెళ్ళేటప్పుడు చెవులకి గుడ్డ కట్టుకో, నీకు చిన్నప్పటి నుంచీ చెవిపోటు. ఈ ఉత్తరంతో పాటు పార్సిల్ పంపుతున్నాం. కందిపొడి, గోంగూర పచ్చడి, సున్నుండలు. సున్నుండలు గదిలోవాళ్ళకి పెట్టి నువ్వూ తిను. కందిపొడి ఉన్న స్టీలు డబ్బా అడుగున ప్లాస్టిక్ కవర్లో చుట్టి అమ్మ కొంత డబ్బు పెట్టింది. నాకు తెలియదనుకుంటోంది. నేనూ ఇంకొంచెం కలిపాను. డబ్బా ఖాళీ చేసి చూసుకోకుండా కడగొద్దు.

నాన్న