చివరి ఏడాది ప్రాజెక్టుగా ప్లగిన్ రాయించాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుల కాలం రాగానే మన గుంటూరు, విజయవాడ ప్రాంతాల్లో ముఖాన్ని గుర్తుపట్టి హాజరు వేసే ప్రోగ్రాములే ఏటా పుట్టుకొస్తున్నాయి. వాటిలో చాలావరకు డబ్బిచ్చి తెచ్చుకున్నవే కావడంతో, వైవా ముగిసిన మరునాడు వాటిని తెరిచి చూసేవారు ఉండరు. కంప్యూటర్ విజన్‌ను, అంటే చిత్రంలో ఏముందో కంప్యూటర్ చేత గుర్తింపజేసే విద్యను, నిజంగా నేర్పాలంటే సాఫ్ట్‌వేరు మొత్తాన్ని పునాదుల నుంచి కట్టించనక్కరలేదనీ, ఇప్పటికే ఉన్న ఓపెన్ సోర్స్ (కోడు అందరికీ అందుబాటులో ఉండే) పనిముట్టుకు ఒక చిన్న ప్లగిన్, అంటే దానికి కొత్త పనిని జోడించే ప్రోగ్రాము, రాయిస్తే చాలుననీ అధ్యాపకుడిగా నా అభిప్రాయం.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో వేన్ రాస్‌బాండ్ 1997లో జావా భాషలో రూపొందించిన చిత్ర విశ్లేషణ సాఫ్ట్‌వేరు ఇమేజ్‌జె ఇందుకు మంచి ఉదాహరణ. చిత్రాన్ని తెరవడం, కొలవడం, భద్రపరచడం వంటి పనులన్నీ అదే చూసుకుంటుంది. విద్యార్థి రాయవలసినవి, ఏ రకం చిత్రాలపై పనిచేస్తుందో చెప్పే సెటప్, పిక్సెళ్లను పరిశీలించే రన్ అనే రెండు మెథడ్లే (ఒక్కో పని చేసే కోడు భాగాలే). ప్లగిన్ పేరులో కనీసం ఒక అండర్‌స్కోర్ లేకపోతే అది మెనూలో కనిపించదు. మా పిల్లలు ఈ సంగతి తెలియక కోడులో తప్పు వెతుకుతూ ఒక మధ్యాహ్నమంతా గడిపారు.

నిరుడు ఇద్దరు విద్యార్థులు తెల్లకాగితంపై పరిచిన ఎండుమిర్చిని ఫొటో తీసి, ఎర్రకాయల్లో తాలుకాయలు (రంగు పాలిపోయిన నాసికాయలు) ఎన్నో లెక్కించే ప్లగిన్ రాశారు. మొదటి ఫలితం నవ్వు తెప్పించింది: పాలిపోయిన తొడిమ ప్రతిదాన్నీ అది ఒక తాలుకాయగా లెక్కపెట్టింది. నిర్ణీత విస్తీర్ణం కంటే చిన్నవాటిని వదిలేసే సదుపాయం ఇమేజ్‌జెలో ముందే ఉన్నందున ఆ చిక్కు సులువుగానే తీరింది గాని, నీడలో సరిగ్గా లెక్కించినది ట్యూబ్‌లైటు కింద ఎర్రకాయలనే తాలు అన్నప్పుడు మాత్రం వెలుతురుకూ రంగు విలువలకూ ఉన్న సంబంధాన్ని వాళ్లు వారం రోజులు కూర్చుని నేర్చుకోవలసి వచ్చింది. పాఠ్యపుస్తకంలో అర పేజీ ఉన్న ఈ విషయాన్ని నేను ఏళ్ల తరబడి బోర్డు మీద చెప్పినా ఇంతగా తలకెక్కించలేకపోయాను.

జావా రానివారికి, ఇలాగే ప్లగిన్లు రాసుకోదగిన, పైతాన్ భాషలో రాసిన నపారి అనే చిత్రాల సాఫ్ట్‌వేరు ఉంది.

ప్లగిన్ అంటే వంద పేజీల రిపోర్టు రాదని ఒక సహాధ్యాపకుడు అభ్యంతరం చెప్పారు. రాదు, నిజమే. అందుకే విశ్వవిద్యాలయాలు మార్కుల పద్ధతిని మార్చి, రాసినవారు పక్కన లేకుండా మరొకరు ఆ ప్లగిన్‌ను తమ కంప్యూటర్‌లో పెట్టుకుని నడపగలిగారా లేదా అన్నదానికీ, వాడే విధానాన్ని తెలుగులో రాసి ఇచ్చారా లేదా అన్నదానికీ మార్కులు కేటాయించాలని కోరుతున్నాను. ఏం లెక్కించాలో తెలిసినవారు లాంలోని వ్యవసాయ పరిశోధకుల్లోనూ, మిర్చి యార్డులోనూ ఉన్నారు. ప్రాజెక్టు అంశం ఎంచుకునే ముందే విద్యార్థులను వారి దగ్గరికి పంపే ఏర్పాటు కళాశాలలు చేయాలి.

— ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు, బ్రాడీపేట, గుంటూరు