ఏడీహెచ్‌డీ: నిర్ధారణ అయ్యాక ఏం చేయాలో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఏడీహెచ్‌డీ (అటెన్షన్ డెఫిసిట్ హైపరాక్టివిటీ డిజార్డర్, అంటే ఏకాగ్రత లోపం, అతి చురుకుదనాల ఇబ్బంది) మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు దాదాపు ఒకే దారిలో నడుస్తుంటాయి. ముందు లక్షణాల చిట్టా, తర్వాత ఒక డాక్టరు మాట, చివర 'నిపుణులను సంప్రదించండి' అనే సలహా. మరి సంప్రదించి వచ్చినవాళ్ళ సంగతేమిటి? చేతిలో రిపోర్టు ఉంటుంది, తెల్లారితే మళ్ళీ అదే బడి, అదే ఆఫీసు. అక్కడి నుంచి ఏం చేయాలో రాసేవాళ్ళు తక్కువ. థెరపీలోనూ ప్రత్యేక విద్యలోనూ రోజూ ఈ పనే చేసేవాళ్ళం కాబట్టి, ఆ మిగిలిన సగం గురించి ఈ ఉత్తరం.

నిర్ధారణ గురించి నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాం. దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, మెదడు స్కానూ లేదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5 ప్రకారం ఏకాగ్రతకు సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో గానీ, అతి చురుకుదనం, దుడుకుతనాలకు సంబంధించిన తొమ్మిదింటిలో గానీ కనీసం ఆరు ఉండాలి. 17 ఏళ్ళు, ఆపైన వయసువాళ్ళకు ఐదు చాలు. అవి ఆరు నెలలకు తగ్గకుండా సాగాలి, కొన్నయినా 12 ఏళ్ళలోపే మొదలై ఉండాలి, కనీసం రెండు చోట్ల కనిపించాలి, వాటివల్ల చదువో ఉద్యోగమో సంబంధాలో దెబ్బతింటూ ఉండాలి. కదలకుండా కూర్చుని కిటికీలోంచి చూస్తుండే అమ్మాయిలు ఈ లెక్కలోకి ఆలస్యంగా వస్తారు. అల్లరి చేయరు కదా, ఎవరికీ అనుమానం రాదు. నిద్ర సరిపోకపోవడం, వినికిడి లోపం, థైరాయిడ్, ఆందోళన, చదవడం రాయడంలో ఇబ్బంది, ఇవన్నీ ఏడీహెచ్‌డీలా కనిపించగలవు, దానితో కలిసీ ఉండగలవు. వీటి గురించి ఒక్క ప్రశ్నయినా అడగకుండా, టీచరు మాట వినకుండా, ఒక్క కూర్చోవడంలో తేల్చేస్తే ఇంకొకరికి చూపించుకోవడం మంచిది.

ఇక అసలు విషయం. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకు ఏం చేయాలో తెలియక కాదు, తెలిసింది ఆ సమయానికి చేతికి రాదు. అమెరికన్ సైకాలజిస్టు రసెల్ బార్క్‌లీ ఎన్నో ఏళ్ళుగా మొత్తుకుంటున్నది ఇదే. అందుకే 'శ్రద్ధ పెట్టు', 'ప్లాన్ చేసుకో' అని ఎంత చెప్పినా ఆ మాటలు గాలికి పోతాయి. సాయం అనేది పని జరిగే చోట, పని జరిగే నిమిషంలో ఉండాలి. బుధవారం సాయంత్రం థెరపిస్టు గదిలో ఒప్పుకున్నది శుక్రవారం పొద్దున స్నానాల గది దగ్గర పనికిరావాలంటే, ఆ తలుపు మీదే రాసి కనిపించాలి. ఒక థెరపీ పనికొచ్చేదా కాదా అని చూడటానికి మాకు తెలిసిన గీటురాయి ఇదే.

హోంవర్క్ సంగతి తీసుకోండి. ఇరవై లెక్కలున్న పేజీ ముందు పిల్లవాడు అరగంట కూర్చుని రెండే చేస్తే బద్ధకం అంటారు. ఆ పేజీని మడిచి ఐదు లెక్కలే కనిపించేలా పెట్టండి. మొదటిది మీరు కలిసి చేయండి, ఎందుకంటే వాళ్ళకు అన్నిటికన్నా కష్టమైంది మొదలుపెట్టడమే. పది నిమిషాలకు టైమర్ పెట్టండి. ఫోన్లో మాత్రం వద్దు, ఫోన్ చేతికొస్తే పని అక్కడితో సరి. రంగు భాగం తగ్గుతూ మిగిలిన సమయం కంటికి కనిపించే గడియారం అయితే మేలు, ఎందుకంటే 'ఇంకా పది నిమిషాలు' అన్న మాటకు వాళ్ళ లోపల కొలత ఉండదు. ఐదూ అయ్యాక మూడు నిమిషాలు లేచి తిరగనివ్వండి. నీళ్ళు తాగడం, మెట్లెక్కి దిగడం లాంటివే, టీవీ కాదు. టీవీ ముందు నుంచి వెనక్కి తేవడం ఇంకో యుద్ధం. నిలబడి రాసినా, కాళ్ళు ఊపినా పోనివ్వండి. మీరు పక్కనే మీ పని మీరు చేసుకుంటూ కూర్చుంటే చాలు, మాట్లాడక్కర్లేదు. చాలామంది తప్పేది ఆఖరి మెట్టు దగ్గర. పూర్తిచేసిన హోంవర్క్ బల్ల మీదే ఉండిపోతుంది. అందుకని 'అయిపోయింది' అంటే పుస్తకం బ్యాగులో, బ్యాగు గుమ్మం దగ్గర అని ముందే ఒప్పందం చేసుకోవాలి.

ఆరేళ్ళలోపు పిల్లలకు మందుకన్నా ముందు ఇవ్వాల్సింది తల్లిదండ్రులకు శిక్షణ. మామూలుగా ఎనిమిది నుంచి పదహారు సెషన్లు పడుతుంది. ఇది తల్లిదండ్రుల తప్పు పట్టడం కాదని ముందే చెప్పకపోతే సగంమంది రెండో సెషన్‌కు రారు. శిక్షణలో నేర్పేవి చూడటానికి చిన్నవి. వంటింట్లోంచి కేకేయకుండా పిల్లల దగ్గరికి వెళ్ళి, ఒకసారికి ఒకే పని చెప్పాలి. 'సర్దుకుంటావా?' అని అడగకూడదు, 'పుస్తకాలు బ్యాగులో పెట్టు' అని చెప్పాలి. చెప్పాక నోరు మూసుకుని ఐదు సెకన్లు ఆగాలి. ఈ ఐదు సెకన్లే పెద్దవాళ్ళకు మహా కష్టం, రెండో సెకనుకే 'ఎన్నిసార్లు చెప్పాలి?' అని మొదలవుతుంది. చేసిన వెంటనే, ఏం చేశారో పేరు పెట్టి మెచ్చుకోవాలి. 'గుడ్' అంటే వాళ్ళకు ఏమీ అంటదు, 'పిలవగానే వచ్చావు' అంటే అంటుతుంది. చిన్న చిన్న మారాన్ని పట్టించుకోవడం మానేస్తే అది ముందు పెరుగుతుంది, తర్వాతే తగ్గుతుంది. ఆ పెరిగిన రోజున భయపడి లొంగిపోతే, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే పని జరుగుతుందని మనమే నేర్పినట్టు.

స్టార్ చార్టులు (చెప్పిన పని చేసినప్పుడల్లా ఒక స్టార్ వేసి, కొన్నయ్యాక బహుమతి ఇచ్చే పట్టికలు) ఎందుకు ఫెయిలవుతాయో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే 'మా ఇంట్లో అన్నీ చేసి చూశాం, ఏదీ పనిచేయలేదు' అనే మాట వెనక ఎక్కువగా ఉండేది ఇదే. చార్టులో పది అంశాలుంటాయి. మూడు, మహా అయితే ఐదు చాలు. 'బుద్ధిగా ఉండటం' అని రాస్తారు. అది కొలవలేరు, 'క్లాసులో చెయ్యెత్తి మాట్లాడటం' అయితే కొలవచ్చు. బహుమతి నెలాఖరుకు పెడతారు. ఎనిమిదేళ్ళ పిల్లకు నెలాఖరు ఎక్కడో ఉంటుంది, ఆ సాయంత్రమే అందే చిన్నదేదో ఉండాలి. మొదటి వారం నాలుగింట మూడుసార్లు గెలిచేలా గీత కింద పెట్టి తర్వాత పెంచాలి. ఇక కోపంలో సంపాదించిన స్టార్లు లాక్కోవడం ఒకటి, ఆ పనితో చార్టు విలువ ఆ రోజే పోతుంది. ఇవన్నీ సరిగ్గా చేసినా కొన్ని వారాలకు ఆసక్తి తగ్గుతుంది. అది వైఫల్యం కాదు, బహుమతి పాతబడింది, అంతే. మూడు నాలుగు బహుమతుల జాబితా పెట్టుకుని తిప్పుతూ ఉండాలి. 'ఇప్పుడు బాగానే చేస్తున్నాడుగా' అని చార్టు తీసేస్తే పాత స్థితికి రావడానికి ఎన్నో రోజులు పట్టదు. బాగా చేస్తున్నది ఆ చార్టు ఉండబట్టే.

బడిలో ఇదే పద్ధతికి రోజువారీ కార్డు అని పేరు. మూడు లక్ష్యాలు, ప్రతి పీరియడ్ చివర టీచరు అవును, కాదు అని టిక్కు పెడతారు, పది సెకన్ల పని. కార్డు ఇంటికొస్తే బహుమతి ఇంట్లో. కార్డు పోగొట్టుకోవడం కూడా ఈ ఇబ్బందిలో భాగమే కాబట్టి, దానికి శిక్ష వేయకుండా టీచరు ఒక ఫొటో తీసి పంపితే సరిపోతుంది. కూర్చునే చోటు ముందు వరసలో, తలుపుకీ కిటికీకీ దూరంగా ఉండాలి. నోటితో చెప్పిన పని బోర్డు మీద కూడా రాయాలి. పరీక్షల్లో అదనపు సమయం ఇస్తారు, మంచిదే. కానీ సమయం మీద పట్టులేని పిల్లకు ఇంకో అరగంట ఇచ్చి వదిలేస్తే ఆ అరగంటా అలాగే జారిపోతుంది. విడి గది, మధ్యలో విరామం, ఎంత సమయం మిగిలిందో చెప్పే మనిషి ఉంటే ఆ అదనపు సమయం పనికొస్తుంది. అన్నిటికన్నా మాకు ఒళ్ళుమండేది, పని పూర్తి చేయలేదని ఆటల పీరియడ్ కోసేయడం. కదలకపోతే కుదురుండని పిల్లల కదలికే ఆపేసి, మధ్యాహ్నం కుదురుగా లేరని మళ్ళీ ఫిర్యాదు రాస్తారు.

పెద్దవాళ్ళ సంగతి పత్రికలకు ఇంకా పూర్తిగా చేరినట్టు లేదు. మందు వాడుతున్నా ఇబ్బందులు మిగిలిన 86 మంది పెద్దలతో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది. 12 సెషన్ల కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునే చికిత్స) తీసుకున్నవాళ్ళు, విశ్రాంతి పద్ధతులు, అవగాహన పాఠాలు మాత్రమే అందుకున్నవాళ్ళ కంటే బాగుపడ్డారు. ఈ థెరపీ బాల్యాన్ని తవ్వడం కాదు, ఎక్కువ భాగం చేతిపనే. ఒకే క్యాలెండర్, ఒకే పనుల జాబితా, రోజూ ఒకే సమయానికి వాటిని చూడటం. రెండో డైరీ, మూడో యాప్ మొదలయ్యాయంటే ఉన్న పద్ధతి కూలుతోందని గుర్తు. జాబితాలో 'రిపోర్టు' అని రాసుకుంటే ఆ పని కదలదు. 'ఫైలు తెరిచి తేదీ, శీర్షిక టైపు చేయాలి' అని రాస్తే కదులుతుంది. ఏ పనీ మొదలుపెట్టలేకపోతున్నారంటే దాన్ని ఇంకా చిన్నగా విరగ్గొట్టాలన్నమాట. పని మధ్యలో వేరే ఆలోచన వస్తే పక్కనున్న కాగితం మీద రాసి మళ్ళీ పనికి రావాలి, ఆ ఆలోచన వెంట లేచి వెళ్ళకూడదు.

అలారాలు పెట్టుకున్నా ఉపయోగం లేదని చాలామంది అంటారు. పది గంటల మీటింగుకు పది గంటలకే అలారం పెడితే ఉపయోగం ఎక్కడుంటుంది? చేస్తున్న పని ఆపడానికి ఒకటి, లేచి కదలడానికి ఒకటి పెట్టాలి. రెండోది మోగినప్పుడు కూర్చునే ఆపేస్తే ఐదు నిమిషాల్లో మరచిపోతారు, నిలబడ్డాకే ఆపాలన్నది నియమం. దారికి పట్టే సమయం లెక్కేసేటప్పుడు ప్రయాణం ఒక్కటే కాకుండా తాళాలు, చెప్పులు, లిఫ్టు కూడా కలపాలి. ఆ పది నిమిషాలనే ఎవరూ లెక్కలో పట్టుకోరు. బిల్లులు ఆటోమేటిగ్గా కట్టేలా పెట్టేయడం, వస్తువు కార్టులో వేశాక 24 గంటలు ఆగడం లాంటివి సంకల్పబలం అక్కర్లేని ఏర్పాట్లు. ఇంట్లో ఇద్దరిలో ఒకరికి ఏడీహెచ్‌డీ ఉంటే రెండోవాళ్ళు గుర్తుచేసే ఉద్యోగంలోకి జారిపోతారు, ఇద్దరికీ విసుగొస్తుంది. పనులను సగం సగం పంచుకోవడం కన్నా ఒక్కో పనిని మొదటి నుంచి చివరిదాకా ఒకరికి అప్పగించి, గుర్తుచేసే పని గోడ మీది బోర్డుకు వదిలేయడం నయం.

మందుల విషయంలో రెండు అతివాదాలూ చూస్తున్నాం. మందు ఇస్తే చాలనేవాళ్ళు ఒకవైపు, మందంటేనే విషమనేవాళ్ళు ఒకవైపు. మందునూ థెరపీనీ పోల్చి చూసి 1999లో వెలువడిన ఎంటీఏ అనే అధ్యయనం ఏడు నుంచి తొమ్మిదేళ్ళ వయసున్న 579 మంది పిల్లలను 14 నెలలు చూసింది. ప్రధాన లక్షణాల మీద జాగ్రత్తగా సరిచూస్తూ ఇచ్చిన మందు, థెరపీ ఒక్కదాని కన్నా బాగా పనిచేసింది. రెండూ కలిపి ఇచ్చినవాళ్ళకు తక్కువ డోసుతోనే సరిపోయింది. మామూలు మిథైల్‌ఫెనిడేట్ (ఈ ఇబ్బందికి ఎక్కువగా వాడే మందు, నెమ్మదిగా విడుదలయ్యే రకం కాదు) అరగంట నుంచి గంటలోపు మొదలై మూడు నాలుగు గంటలు పనిచేస్తుంది. పొద్దున వేసింది సాయంత్రం హోంవర్క్ వేళకు ఉండదు. 'మందు వేసినా సాయంత్రం అంతే' అన్న ఫిర్యాదు డాక్టరుకు చెప్పేటప్పుడు వేసిన సమయం, తేడా కనిపించిన సమయం రాసి తీసుకెళ్ళండి. మధ్యాహ్నం ఆకలి తగ్గుతుంది కాబట్టి మందుకు ముందే కడుపునిండా తినిపించి, ప్రభావం తగ్గాక మళ్ళీ పెట్టాలి. ఎత్తు, బరువు, నాడి, బీపీ చూడకుండా నెలల తరబడి అదే చీటీ మీద మందు కొనడం తప్పు. అటామాక్సెటిన్ అనే మరో మందు ప్రభావం తెలియడానికి వారాలు పడుతుంది, పది రోజులకే పనిచేయలేదని మానేయకూడదు. ఇంకో రకం మందులైన క్లోనిడిన్, గ్వాన్‌ఫసిన్‌లను ఒక్కసారిగా ఆపితే బీపీ ఎగబాకవచ్చు. మార్చేదైనా మానేదైనా డాక్టరుతో మాట్లాడాకే.

జ్ఞాపకశక్తి పెంచే కంప్యూటరు ఆటలు ఆడితే ఆ ఆటలో నైపుణ్యం పెరుగుతుంది, బడి పని పెరుగుతుందని తేలలేదు. ఆ ఖర్చు మంచి టైమర్ మీదా, తల్లిదండ్రుల శిక్షణ మీదా పెట్టడం తెలివి.

మా విన్నపం ఒకటే. ఇకపై ఈ విషయం రాసేటప్పుడు 'నిపుణులను సంప్రదించండి' దగ్గర ఆపకుండా, ఆ నిపుణులను ఏం అడగాలో కూడా అచ్చువేయండి. మొత్తం ఎన్ని సెషన్లు? ఈ వారం ఇంట్లో ఏ గదిలో, ఏ సమయంలో, ఎవరు ఏం చేయాలి? బడితో మీరు మాట్లాడతారా, మమ్మల్ని మాట్లాడమంటారా? ఏది కొలుస్తారు, ఇప్పుడు అది రోజుకు ఎన్నిసార్లు జరుగుతోంది? ఎనిమిది వారాలకు తేడా లేకపోతే ఏం మారుస్తారు?

ఇట్లు,
బిహేవియర్ థెరపీ, ప్రత్యేక విద్య రంగాల్లో పనిచేస్తున్న కొందరం